మన ఎండల్లో స్వెటర్ అల్లి ఎవరికేస్తాం?

"ఊలు అల్లడం నేర్చుకుందామని ఉంది కానీ విజయవాడ ఎండల్లో స్వెటర్ ఎవరేసుకుంటారు, టైం దండగ కాదా" అని అడిగారు కదా. ఎవరూ వేసుకోనక్కర్లేదండీ. నేను దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్ళ నుంచి అల్లుతున్నా, మా ఇంట్లోవాళ్ళు ఒంటిమీద వేసుకున్నవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

నేను నేర్చుకుంది ఢిల్లీలో. 1996లో పెళ్ళయ్యి ఆర్కే పురం క్వార్టర్స్‌కి వెళ్ళా, హిందీ ముక్క రాదు. జనవరిలో పదకొండింటిదాకా పొగమంచు, కాస్త ఎండ రాగానే ఆడవాళ్ళంతా కింద పార్కులో చాపలేసుకుని ఒకళ్ళు బఠాణీలు ఒలుస్తూ ఒకళ్ళు అల్లుతూ కూర్చునేవాళ్ళు. పక్కింటి పంజాబీ ఆంటీ నా చేతిలో రెండు సూదులు పెట్టి, వెనక కూర్చుని నా వేళ్ళు పట్టుకుని తిప్పించింది, మాటల్లేవు. సీదా, ఉల్టా, నాకొచ్చిన మొదటి హిందీ అదే. వాటినే నిట్, పర్ల్ అంటారని యూట్యూబ్ వచ్చాక తెలిసింది. నిజానికి రెండూ ఒకటే, ఇటు నుంచి చూస్తే సీదా, తిప్పి చూస్తే ఉల్టా.

మొదటి స్వెటర్ మా ఆయనకి. అంచుకి 12 నంబరు సూదులు, పైన 10 (నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, కొత్తవాళ్ళు ఇక్కడే తికమకపడతారు). రెండు నెలలు అల్లితే మెడలో తల పట్టలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆంటీ నవ్వి కొస పట్టుకుని లాగింది, సర్రుమని మెడంతా ఊడొచ్చి మళ్ళీ ఉండైపోయింది. నాకు అల్లిక మీద ప్రేమ పుట్టింది ఆ నిమిషంలోనేనండీ. పప్పు మాడితే మాడినట్టే, జాకెట్టు గుడ్డ తప్పు కత్తిరిస్తే ఇంక అంతే, ఊలు మాత్రం విప్పితే మళ్ళీ ఊలే. పాత స్వెటర్లు కూడా విప్పేసి, కుర్చీ వీపుకి చుట్టి చిలపలా (పొడవాటి దారపు చుట్టలా) తీసి, తడిపి, కింద ఏదైనా చిన్న బరువు కట్టి ఆరేస్తే ఆ మెలికలన్నీ సాగిపోతాయి.

ఉపయోగం అంటారా, మా మావయ్యగారికి ఆపరేషన్ అయినప్పుడు పద్దెనిమిది రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నా, చేతిలో ఆకుపచ్చ మఫ్లర్. ఫోన్ చూస్తే ఇంకా భయమేసేది, వరస లెక్కపెడుతుంటే వెయ్యలేదు. ఆ మఫ్లర్ ఇప్పటికీ ఉంది, ఆపరేషన్ రోజు అల్లిన జానెడు ముక్క బిగుసుకుపోయి సన్నగా ఉంటుంది, ఆయన్ని వార్డుకి మార్చిన రోజు నుంచి వదులై వెడల్పయింది. చూస్తే మీకే తెలిసిపోతుంది.

మన వేడికైతే కాటన్ దారం తీసుకోండి, యాక్రిలిక్ చెమట చేతులకి అంటుకుని చిరాకు. 8 నంబరు సూదులు, లేత రంగు. నల్లది కొంటే కుట్లు కనపడక కళ్ళు పోతాయి. కావలసినన్ని ఉండలు ఒకేసారి, లేబుల్ మీద షేడ్ నంబరు, లాట్ నంబరు రెండూ చూసి తెచ్చుకోండి, తర్వాత తెస్తే రంగు కొంచెం తేడా కొడుతుంది. గంటకోసారి లేచి వేళ్ళు విదిలించుకోండి, నేను అది చెయ్యకే బొటనవేలు నొప్పి తెచ్చుకున్నా. అన్నట్టు మనవాళ్ళకి అల్లిక కొత్తేం కాదు, నరసాపురం లేసుకి జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది, కాకపోతే వాళ్ళది ఒక్క కొక్కెం సూది పని.

ఎవరికేస్తాం అన్నారు కదా, మా మేనకోడలు టొరంటోలో ఉంటుంది, దాని కూతురికి అసలు ఉన్నితో టోపీ అల్లి పంపా. అది తెలీక వాషింగ్ మెషిన్‌లో వేడినీళ్ళలో వేసేసింది, ఉన్ని కదా, గట్టిపడి నిమ్మకాయంత అయ్యింది. పారేసిందేమో అనుకున్నా, సంక్రాంతికి ఫోటో పంపింది, బొమ్మల కొలువులో శెట్టిగారి నెత్తిన నా టోపీ.