బొద్దింకను చంపితే లేని తప్పు, ఫోన్‌తో తిప్పితే ఉందా?

ప్రశ్న: మా వాడు తొమ్మిదో తరగతి. బతికున్న బొద్దింకకు వైర్లు పెట్టి ఫోన్‌తో అటూ ఇటూ తిప్పే కిట్ అమెరికాలో వచ్చిందట. అలాంటిదే చేసి సైన్స్ ఫెయిర్‌లో పెడతానంటున్నాడు. వద్దంటే, "రోజూ స్ప్రే కొట్టి చంపుతావుగా, ఇప్పుడు జాలేంటమ్మా?" అంటాడు. ఏం చెప్పాలి సార్? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వాడు అడిగినదాంట్లో న్యాయం ఉందమ్మా, కోప్పడకండి. అయితే అసలు పని ఎలా ఉంటుందో వాడికి చెప్పండి. 2013లో వచ్చిన ఆ ‘రోబోరోచ్’ కిట్‌లో బొద్దింకను ఐసునీళ్లలో ముంచి కదలకుండా చేస్తారు, తల మీది పెంకును గరుకు కాగితంతో రుద్ది (మైనపు పూత పోతేనే గమ్ పడుతుంది) కనెక్టర్ అతికిస్తారు, మీసాలు కత్తిరించి లోపలికి సన్నటి తీగలు దూరుస్తారు. ఎడమ మీసంలో కరెంటు తగిలితే అటు గోడ ఉందనుకుని కుడికి తిరుగుతుంది. కాసేపటికి అలవాటుపడి పట్టించుకోదు కూడా.

పురుగులకు నొప్పి తెలుస్తుందా అన్నది శాస్త్రవేత్తల్లోనే ఇంకా తేలలేదు. తేలనప్పుడు కత్తెర పట్టాలంటే గట్టి కారణం కావాలి. స్ప్రేకి వంటింటి శుభ్రమన్న కారణముంది, సైన్స్ ఫెయిర్ బహుమతి నా దృష్టిలో కారణం కాదు. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువనే అంటుంది.

ప్రాణాలు కాపాడటానికైతే నేను అడ్డు చెప్పను. 2025 మార్చిలో మయన్మార్‌లో భూకంపం వస్తే, సింగపూర్ నాన్యాంగ్ యూనివర్సిటీ పరిశోధనతో తయారైన 10 సైబోర్గ్ బొద్దింకల్ని (ఒంటికి ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి మనిషి నడిపించేవి) అక్కడికి తీసుకెళ్లి శిథిలాల్లో వెతికించారు. అంతకు నెల ముందే మన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోతే వెతకడానికి కేరళ నుంచి పోలీసు కుక్కల్ని రప్పించుకోలేదా? కాకపోతే కుక్కకు పేరుంటుంది, చూసుకునే మనిషుంటాడు. పనయ్యాక బొద్దింక ఏమైందని అడిగేవాళ్లెవరు? నాకు మింగుడుపడనిది అదే.

మీ వాడి ఉత్సాహం మీద మాత్రం నీళ్లు చల్లొద్దు. 2016లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ అనే పరిశోధకులు 3 మిల్లీమీటర్ల సందులోనూ బొద్దింక ఎలా దూరుతుందో గమనించి, అలాగే అణిగి దూరే అరచేతంత రోబోను చేశారు. ఆ దారిలో వెళ్లమనండి. గట్టి అట్ట, చిన్న మోటారు, బ్యాటరీ చాలు. ఆరు కాళ్లలో మూడు నేల మీదుంటే మూడు గాల్లో ఉండాలి, బొద్దింక నడక అదే. ముందు ఆ నడక కుదిరేలా చూడమనండి, సెలవులన్నీ దానికే సరిపోతాయి.