మూడు స్థలాలూ నడిచి చూడు

చి. బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) ఫొటోలు మూడూ చూశాను. ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, సగం నేను మర్చిపోతాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

ప్రభుత్వం తరఫున 120 మందికి ఇళ్ల స్థలాలు ఇవ్వాలి. నీ ముందు మూడు స్థలాలు ఉన్నాయి. కాలవ అవతల పుంత (పొలాల మధ్య మట్టి బాట) పక్కది ఒకటి, హైవే పక్కది ఒకటి, మన ఊరి చెరువు వెనక పల్లం ఒకటి. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఫారంలో ‘రాకపోకల సౌకర్యం’ అని ఒక గడి ఉందని, మూడింటికీ ‘రోడ్డు సౌకర్యం కలదు’ అని రాసేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోతుందమ్మా. ఎవరూ నిన్ను ఏమీ అనరు. సర్వేయరుగా నేను కూడా ముప్పై ఏళ్లు అదే మాట రాశాను.

ఒకచోట ఏం జరిగిందో చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక మండలంలో 80 ఇళ్ల కాలనీకి స్థలం కొలిచి, ‘గ్రామానికి ఒక కిలోమీటరు’ అని రాశాను. కొలతలో తప్పు లేదు. గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లున్న నేల, దాని హద్దు రాయి దగ్గర మొదలుపెట్టి స్థలం మొదటి రాయి దాకా 66 అడుగుల గొలుసు పట్టించి మరీ కొలిచాను. కానీ హద్దు రాయి దగ్గర ఎవరైనా కాపురముంటారా? బడి ఊరికి ఆ చివరన ఉంది. ఆఖరి ప్లాటు స్థలానికి ఈ చివరన ఉంది. ఆ రెండింటి మధ్య నడిస్తే రెండు కిలోమీటర్లు దాటింది. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళితే సగానికి పైగా ఇళ్లకు తాళాలు. అరుగుల మీద ఎవరివో గడ్డిమోపులు. ఒక్క ఇంటి ముందు ముసలావిడ మాత్రం కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ‘కోడలికి నెలలు నిండాయి బాబూ, రాత్రిపూట ఇక్కడికి ఆటో రానంటాడు, అందుకే ఊళ్లో అద్దెకుంటున్నారు’ అంది. ఇల్లు ఉండి అద్దె కడుతున్నారు. ఆ స్థలం కొలిచింది నేనేనని ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు.

కాబట్టి మొదట చేయాల్సింది, స్థలం మధ్యలో కాదు, అన్నిటికంటే లోపల పడే ప్లాటు దగ్గర నిలబడటం. అక్కణ్ణుంచి బడికి, బస్సు ఆగే చోటికి, రేషన్ డిపోకి, గ్రామ సచివాలయానికి విడివిడిగా నడువు. ఫోన్‌లో మ్యాప్ చూపించే దూరాన్ని నమ్మకు, అది కాలవ మీద తాడిదుంగ వేసిన చోటు కూడా దారే అంటుంది. నీ నడకతో కూడా కొలవకు. నువ్వు పన్నెండు నిమిషాల్లో నడిచే కిలోమీటరు, చంకన పిల్లను ఎత్తుకున్న మనిషికి, మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇరవై నిమిషాలు దాటుతుంది. ఒకటో తరగతి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని నడిస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

బడి విషయంలో నీ చేతిలో చట్టం ఉంది, వాడుకో. విద్యాహక్కు నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల వాళ్లకి కిలోమీటరు లోపు, 6 నుంచి 8 వాళ్లకి 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. కాకపోతే బడి ఎక్కడుందని కాదు, ఏ తరగతి ఎక్కడుందని అడుగు. 2022లో 3, 4, 5 తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు పంపారు, 2025లో మళ్లీ మార్చారు. హెడ్మాస్టరు గారిని అడిగితే ఐదు నిమిషాల పని.

వేళ కూడా ముఖ్యం. పదకొండింటికి జీపులో వెళ్లి చూసిన స్థలం ఎప్పుడూ బాగానే ఉంటుంది. పొద్దున్న ఆరింటికి ఒకసారి వెళ్లు. ఊడుపుల రోజుల్లో ఆడకూలీల ముఠా రావిచెట్టు దగ్గర ఆ వేళకే పోగవుతుంది. మేస్త్రి పిలిచేది కనబడ్డవాళ్లని. కాలవ అవతల ఉన్న మనిషి ఆ వేళకి రాలేకపోతే ఆవిడ పేరు నాలుగు రోజుల్లో ముఠాలో ఉండదు. ఎనిమిదింపావుకి బడి పిల్లల వేళ చూడు. రాత్రి ఏడున్నరకి, ఆఖరి బస్సు దిగి వచ్చే వేళ, తప్పకుండా చూడు. వీధి దీపం లేని పుంతలో ఆ వేళ నువ్వు ఒంటరిగా నడవగలవా? నడవలేను అనిపిస్తే అదే నీ రిపోర్టు.

ఇక ఒక్కో స్థలం గురించి.

పుంత పక్కది చవక. చవక ఎందుకో ఆలోచించు. కాలవ మీద వంతెన పాతది, సన్నం. దాని మీద పల్లెవెలుగు పట్టదు, 108 పడుతుందో లేదో టేపు పట్టుకుని కొలువు. గట్టు ఇరిగేషన్ వాళ్లది, పుంత పంచాయతీది, ఆ పైన రోడ్డు ఇంకొకరిది. గుంట పడితే పూడ్చాల్సింది ఎవరో తేలేలోపు ఇంకో వానాకాలం వస్తుంది. పైగా ఊడుపులకి ముందు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లు కేజ్ వీల్స్ (బురదలో దున్నే ఇనుప చక్రాలు) విప్పకుండానే పుంత ఎక్కుతాయి. ఆ నల్లమట్టి ఒకసారి లేచిందంటే సైకిలు కాదు కదా, కాలు కూడా దిగబడుతుంది. ఎండాకాలంలో చూసి మంచి దారి అనుకోకు. ఆ చుట్టుపక్కల రైతుల్ని ‘జులైలో ఎలా ఉంటుందండీ’ అని అడుగు.

‘కాలనీ వస్తే రోడ్డు కూడా వేస్తారు’ అని నీకు పదిమంది చెబుతారు. శాంక్షన్ అయ్యి ఎస్టిమేట్ కాగితం చేతిలో ఉంటే రాయి. లేకపోతే ఇవాళ నేల మీద ఏముందో అదే రాయి.

హైవే పక్కది చూడగానే అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం మూడింటిలో ఎక్కువ భయం వేసేది అదే. 16వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంటే బస్సులకి లోటేంటి అంటారు. బస్సులు పోతాయి, ఆగేది ఎక్కడ? జంక్షన్ దగ్గర. ఆ జంక్షన్ ఈ స్థలానికి కిలోమీటరున్నర. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ లేదు, మంచిదే. కానీ ఫ్రీ బస్సు ఎక్కడానికి ముందు ఇరవై రూపాయలు పెట్టి ఆటో ఎక్కాల్సి వస్తే అది ఫ్రీ ఎలా అవుతుంది?

దానికంటే పెద్ద సంగతి రోడ్డు దాటడం. ఊరు అటు, కాలనీ ఇటు. మీడియన్‌లో గ్యాప్ ఎక్కడుందో చూడు. సరైన దారిలో యూటర్న్ తీసుకుని వస్తే దాదాపు 3 కిలోమీటర్లు, రాంగ్ రూట్లో వస్తే 600 మీటర్లు అని నువ్వే రాశావు. జనం ఏ దారిన వెళతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఆ రోడ్డు ముక్కలో గత మూడేళ్ల యాక్సిడెంట్లు అడుగు. 500 మీటర్ల లోపు మూడేళ్లలో, ప్రాణం పోయినవో పెద్ద దెబ్బలు తగిలినవో ఐదు ప్రమాదాలు జరిగినా, మొత్తం పదిమంది పోయినా కేంద్రం లెక్కలో అది బ్లాక్ స్పాట్. అలాంటి చోటికి ఎదురుగా 120 కుటుంబాల పిల్లల్ని తెచ్చి పెట్టకూడదు. అండర్‌పాస్ దగ్గరలో ఉంటే వేరే మాట, అప్పుడు దాని గుండానే దూరం కొలువు.

చెరువు వెనక పల్లానికి బడి, డిపో, బస్సు అన్నీ 800 మీటర్ల లోపే. కానీ మట్టి పోసి మెరక చేయాలి. ఒక్కో ఇంటికి 3 సెంట్ల చొప్పున 120 ఇళ్లకు 3.6 ఎకరాలు, వీధులూ కాలవలూ కలిపితే ఐదున్నర. నాలుగడుగులు ఎత్తాలంటే, ట్రక్కుకి 100 ఘనపుటడుగులు వేసుకున్నా తొమ్మిదిన్నర వేల ట్రక్కుల మట్టి. చిన్న ఖర్చు కాదు, నీ ఆఫీసర్లు ముందు దీన్నే చూస్తారు. దాచకుండా రాయి. కానీ పక్కనే ఇంకో లెక్క రాయి.

పుంత స్థలంలో ఇంటికి ఒక్కరు నెలకు 25 రోజులు షేర్ ఆటోలో ఊళ్లోకి వచ్చి వెళతారనుకో. పోను పది, రాను పది. ఇంటికి నెలకు 500. నూట ఇరవై ఇళ్లకు 60 వేలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. నువ్వు రాసిన ధరల ప్రకారం పుంత స్థలానికీ చెరువు వెనక పల్లానికీ ఎకరం దగ్గర పది లక్షల తేడా, అంటే మొత్తం మీద 55 లక్షలు. ఆ మిగులంతా ఎనిమిదేళ్లలోపే ఆటోల్లో కరిగిపోతుంది. మెరక ఖర్చు కలిపితే ఇంకొన్నేళ్లు పడుతుంది, అంతే. తేడా ఏమిటంటే, భూమి డబ్బు ప్రభుత్వం ఒకసారి కడుతుంది, ఆటో డబ్బు కూలి చేసుకునే మనిషి రోజూ కడుతుంది. 2005 ఉపాధి హామీ చట్టంలో పని 5 కిలోమీటర్లు దాటి చూపిస్తే కూలి 10 శాతం ఎక్కువ ఇవ్వాలని రాశారు. ఇల్లే దూరమైతే ఆ పది శాతం ఎవరిస్తారు?

ఎవరో ఒకరు ‘ఇప్పుడు ప్రతి ఇంట్లో బండి ఉందండీ’ అంటారు. ఉంది. దాని తాళంచెవి ఎవరి జేబులో ఉందో అడుగు. పొద్దున్నే ఆయన తణుకులో కూలీల అడ్డాకి వెళ్లిపోతే, ఆ ఇంట్లో మిగిలిన నలుగురికీ బండి లేనట్టే. ఇంటింటి సర్వేలో ‘ద్విచక్ర వాహనం: ఉంది’ అని టిక్ పెట్టుకుని రావద్దు. లిస్టులో ఓ పాతికమందిని కూర్చోబెట్టి, పోయిన వారంలో ఇంట్లో ఎవరెవరు, ఎక్కడికి, ఎలా వెళ్లారో అడుగు. ముఖ్యంగా ఆడవాళ్లని, మగవాళ్లు లేనప్పుడు. నువ్వు ఊహించని చోట్లు బయటపడతాయి. రొయ్యల షెడ్డుకి తీసుకెళ్లే వ్యాను ఎక్కడ ఆగుతుంది, గ్యాస్ బండ ఇంటి దాకా తెస్తాడా రోడ్డు మీదే దించుతాడా, ఇలాంటివి. రేషన్ సంగతే చూడు. 2025 జూన్ నుంచి ఇంటి ముందుకు వచ్చే వ్యాన్లు పోయి మళ్లీ డిపోలు వచ్చాయి. నలుగురున్న ఇంటికి 20 కిలోల బియ్యం. అది నెత్తిన పెట్టుకుని 800 మీటర్లు నడవడం వేరు, రెండున్నర కిలోమీటర్లు నడవడం వేరు.

ఇంకో సంగతి. 2020లో ఇచ్చినప్పుడు పల్లెల్లో సెంటున్నర, ఇప్పుడు 3 సెంట్లు. తీసుకునే వాళ్లకి మంచిదే, నేను కాదనను. కానీ స్థలం రెట్టింపైతే ఆఖరి ఇల్లు ఇంకా లోపలికి జరుగుతుంది. అందుకే లేఅవుట్ గీసేవాళ్లతో ముందే మాట్లాడు. ఒకే గేటు పెట్టి చుట్టూ తిప్పకుండా, బడి వైపు ఒక కాలిదారి వదలమను. ఆరడుగుల సందు చాలు. మా రోజుల్లో అలాంటి సందులు ఎవరో ఒకరు కలిపేసుకునేవాళ్లు, కాబట్టి దానికి ప్లానులో కొలత వేయించు.

అసలు 120 ఇళ్లూ ఒకే చోట ఉండాలని ఎవరన్నారో కూడా అడుగు. గ్రామకంఠంలో, పాత రైస్ మిల్లు పక్కన, పశువుల ఆసుపత్రి వెనక ముక్కలు ముక్కలుగా సర్కారు పోరంబోకు భూమి ఉందని నాకు గుర్తు. ఎనిమిది ఇళ్లు ఒకచోట, పన్నెండు ఇంకోచోట పట్టినా పల్లంలో మెరక చేయాల్సిన విస్తీర్ణం తగ్గుతుంది.

ఇది చెప్పగానే ఊళ్లో కొందరి మొహాలు మారతాయి. నీకు చెప్పాల్సిన మాటే ఇది. దూరపు స్థలం ‘బాగుంది, విశాలంగా ఉంది’ అని పెద్దలు తెగ మెచ్చుకుంటున్నారంటే కారణం ఎప్పుడూ భూమి ధరే కాదు. మన ఊళ్లలో మెరక ఊరికి, పల్లం దళితుల పేటకి అని ఎప్పటినుంచో నడుస్తోంది. లిస్టులో ఎవరున్నారో చూసి, ఎవరు పక్కింటికి రాకూడదనుకుంటున్నారో నువ్వే గ్రహించు. వాళ్లతో వాదించకు, నీ ఉద్యోగం కొత్తది. నిమిషాలూ మీటర్లూ రాసిన కాగితం ముందు పెట్టు. దాన్ని కాదనాలంటే వాళ్లు కూడా నడిచి రావాలి.

రిపోర్టులో మార్కులు వేసి కూడిక చేయమంటారేమో. చెయ్యి, కానీ ఆ కూడికకి లొంగిపోకు. కరెంటు స్తంభం దగ్గరుందని పది మార్కులు, నీళ్ల పైపు ఉందని పది వేసి, పిల్లలు హైవే దాటాలన్న సంగతిని సున్నా మార్కుతో సరిపెడితే ఆ స్థలమే మొదటికొస్తుంది. కొన్ని లోపాలకు మార్కులుండవు. రాత్రి దారి లేదు, అంబులెన్స్ పట్టదు, రోడ్డు దాటే చోటు లేదు. ఈ మూడింటిలో ఏదున్నా, అది సరిచేసేదాకా ఆ స్థలం పోటీలో లేదని విడిగా రాయి.

నా మనసు చెరువు వెనక పల్లం మీదే ఉందని నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అలాగని నా మాట మీద రాయకు. ఆ పల్లంలోకి వానాకాలం నీళ్లు ఎటు నుంచి వస్తాయో, మెరక చేస్తే ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి పోతాయో నేను చూడలేదు.

శనివారం రాత్రికి ఇంటికి వచ్చెయ్. పాత టేపు, నోటుబుక్కు తీసి పెడతాను, ఆదివారం ఆరింటికే బయల్దేరదాం. మీ అత్తయ్య కూడా వస్తానంటోంది. మోకాళ్ల నొప్పులు కదా అంటే, ‘మరి మీ ఇద్దరూ నడిస్తే ఏం తెలుస్తుంది’ అంది. గడియారం ఆవిడ చేతికే పెడదాం.

ఆశీస్సులతో,
మావయ్య