ల్వార్ గట్టు మీద సైకిల్ యాత్ర: రోజుకో కోట చాలు

వేసవి దగ్గరపడుతుంటే కొత్తగా ఫ్రాన్స్‌కో, పక్కనున్న జర్మనీకో వచ్చిన మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ల్వార్ నది పక్కన సైకిల్ మీద కోటలన్నీ చూసి రావచ్చట కదా! ఇంటర్ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు, మావల్ల అవుతుందా?"

నిక్షేపంగా అవుతుంది. కాకపోతే ఆ "అన్నీ" అన్న మాట పక్కన పెట్టాలి. ఐదు రోజుల్లో ఏడు దేశాలు చుట్టే బస్సు టూరులాగా దీన్నీ ప్లాన్ చేస్తే రెండో రోజుకే మోకాళ్ళు మొరాయిస్తాయి, మూడో రోజుకి కోటలన్నీ ఒకేలా కనిపిస్తాయి. నెమ్మదిగా వెళ్ళడానికే ఈ దారి పుట్టింది.

దీని పేరు "ల్వార్ ఆ వేలో". నెవేర్ ఊరి దగ్గర మొదలై అట్లాంటిక్ సముద్రం దాకా దాదాపు 900 కిలోమీటర్లు ఉంటుంది. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం వరకు సాగే యూరోవేలో 6 అనే పెద్ద దారిలో ఇదొక భాగం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మొత్తం అక్కర్లేదు. బ్లువా నుంచి సోమ్యూర్ వరకు ఉన్న ముక్క చాలు. సుల్లీ నుంచి షలోన్ వరకు ఉన్న నదీలోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేను చెప్పే ముక్క అందులోనే ఉంది. దారి చాలావరకు చదునుగా ఉంటుంది. కొంత దూరం వరద కట్టల మీద, కొంత దూరం కార్లు పెద్దగా తిరగని పల్లె రోడ్ల మీద సాగుతుంది. మలుపు మలుపుకీ సైకిల్ గుర్తున్న బోర్డులుంటాయి కాబట్టి ఫోన్ చూస్తూ తొక్కాల్సిన పని లేదు.

రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు పెట్టుకోండి, అంతకు మించొద్దు. బ్లువాలో దిగి, మర్నాడు షాంబోర్ వెళ్ళి రండి. అటు ఇరవై, ఇటు ఇరవై కిలోమీటర్లలోపే. ఫ్రాన్సువా 1 అనే రాజు 1519లో మొదలుపెట్టించిన కోట అది. మధ్యలో ఒకదాన్నొకటి చుట్టుకుంటూ లేచే జంట మెట్లుంటాయి. ఒకరు ఒక వరస, ఇంకొకరు రెండో వరస ఎక్కితే కిటికీల్లోంచి ఒకరికొకరు కనిపిస్తారు గానీ ఎక్కడా ఎదురుపడరు. పిల్లలున్నవాళ్ళకి గంటసేపు ఆ మెట్ల దగ్గరే గడిచిపోతుంది, గడవనివ్వండి. ఆ రోజుకి ఇంకో కోట పెట్టుకోవద్దని అనేది అందుకే.

తర్వాత షోమోఁ మీదుగా ఆంబువాజ్. లియోనార్డో డావిన్సీ చివరి రోజులు గడిపి, 1519లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. ఆయన ఉన్న ఇల్లు చూడొచ్చు. ఆ పక్కరోజు తూర్, అక్కణ్ణుంచి షేర్ నది పక్కగా విలాన్‌ద్రీ. అన్నిట్లోకీ ఒక్కటే చూడమంటే నేను విలాన్‌ద్రీ తోటలకే ఓటేస్తాను. పూలమొక్కలతో వేసినట్టుగా అక్కడ క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి మడులు ముగ్గుల్లా తీర్చి ఉంటాయి. కూరగాయల తోటను అంత శ్రద్ధగా చూసుకోవడం మా అమ్మకి ఎంత నచ్చిందో చెప్పలేను.

కానీ ఈ దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు కోట కాదు. వియెన్ నది వచ్చి ల్వార్‌లో కలిసే కాంద్ ఊరు దాటి, మోన్సోరో మీదుగా సోమ్యూర్ వైపు వెళ్తుంటే త్యూర్‌కాఁ అనే పల్లె వస్తుంది. ఒక పక్క ద్రాక్షతోటలు, ఇంకో పక్క తెల్లటి సున్నపురాయి కొండ. ఆ కొండకే తలుపులు, కిటికీలు, పొగగొట్టాలు! ఈ చుట్టుపక్కల కోటలకీ ఇళ్ళకీ రాయి తవ్వి తీసుకుపోగా మిగిలిన గుహల్లో జనం కాపురాలు పెట్టారు, ద్రాక్షసారా నిలవచేశారు, పుట్టగొడుగులు పెంచారు. మండే ఎండలో అలాంటి గుహ గుమ్మం ముందు సైకిల్ ఆపితే లోపల్నుంచి వచ్చే చల్లగాలి ఒళ్ళంతా తాకుతుంది. కారులో వెళ్ళేవాడికి ఆ గాలి తగలదు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. ల్వార్‌లో ఎండాకాలం ఇసుక తిన్నెలు తేలి, మోకాలి లోతు నీళ్ళు పారుతున్నట్టు కనిపిస్తాయి. గోదావరి, కృష్ణల్లో ఈదిన మనవాళ్ళకి దిగాలనిపించడం సహజం. దయచేసి దిగొద్దు. ఇసుక కింద నుంచి జారిపోతుంది, ఉన్నట్టుండి లోతు వస్తుంది, ప్రవాహం కనిపించకుండా లాగుతుంది. చాలా చోట్ల స్నానం నిషేధం కూడా. గట్టు మీద నుంచే చూసి ఆనందించండి.

తిండి విషయంలో టైము ముఖ్యం. పల్లెల్లో హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకే వడ్డిస్తాయి. రెండున్నరకి వెళ్ళి ఎంత బతిమాలినా వంట కట్టేశామంటారు. కొట్లు మధ్యాహ్నం మూసేస్తారు, ఆదివారం పూట చాలావరకు తెరవరు, సోమవారం కూడా కొన్ని ఉండవు. అందుకని పొద్దున్నే రొట్టె, పళ్ళు, పెరుగు కొని బ్యాగులో వేసుకోండి. మొదటి రోజుకి పులిహోర కట్టుకెళ్తే ఇక చెప్పక్కర్లేదు. శాకాహారులు "సాఁ వియాండ్, సాఁ ప్వాసోఁ" అని ముందే చెప్పాలి, అంటే మాంసం, చేప లేకుండా అని. అప్పుడు కూడా సలాడ్‌లో, గుడ్డు పెట్టి చేసే కీష్‌లో లార్దోఁ అనే సన్న పంది మాంసం ముక్కలు ఉన్నాయేమో విడిగా అడగాలి. గొడ్డుమాంసం తిననివాళ్ళు "బఫ్", "వో" అనే రెండు మాటలు మెనూలో గుర్తుపట్టడం నేర్చుకోండి. ఏ కొట్లోకి వెళ్ళినా, ఎవర్ని దారి అడిగినా ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా నేరుగా విషయంలోకి దిగితే ఇక్కడివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

సైకిల్ కొనక్కర్లేదు. బ్లువా, తూర్ లాంటి ఊళ్ళలో అద్దెకిస్తారు. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో అప్పగించే వీలు కూడా కొన్ని కొట్లలో ఉంటుంది. డిపాజిట్ కోసం కార్డు అడుగుతారు. అలవాటు తప్పినవాళ్ళు మొహమాటపడకుండా బ్యాటరీ సైకిల్ తీసుకోండి. బసకి "ఆకేయ్ వేలో" అన్న బోర్డు చూడండి. ఆ గుర్తు ఉన్న చోట సైకిల్ భద్రంగా పెట్టుకోవడానికి చోటు, చిన్న రిపేర్లకి సామాను ఉంటాయి. సొంత సైకిల్ తెచ్చుకునేవాళ్ళు టీజీవీ అనే అతివేగపు రైల్లో దానికి విడిగా టికెట్ తీసుకోవాలి. ప్రాంతీయ రైళ్ళలో సాధారణంగా ఉచితమే గానీ, కొన్నిట్లో వేసవిలో ముందే చోటు బుక్ చేసుకోవాలి.

రూల్స్ కొన్ని తెలిసి ఉండాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దలకి చట్టం లేకపోయినా పెట్టుకోమనే నా మాట. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తొక్కకూడదు, జరిమానా పడుతుంది. తాగి తొక్కినా కారు వాళ్ళతో సమానంగా కేసే. చీకటిపడ్డాక ఊరి బయట లైట్లతో పాటు మెరిసే జాకెట్ వేసుకోవాలి. చున్నీలు, చీర కొంగులు చక్రంలో పడతాయి కాబట్టి ఆడవాళ్ళు ఆ నాలుగు రోజులూ వాటిని పెట్టెలో పెట్టేస్తే మంచిది. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న విద్యార్థులకి కార్డు వెనకవైపే యూరప్ అంతా చెల్లే కార్డు ఉంటుంది. ప్రైవేటు బీమా వాళ్ళు మాత్రం ఫ్రాన్స్‌లో చెల్లుతుందో లేదో కనుక్కుని బయల్దేరండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అసలువే దగ్గర ఉంచుకోండి. అత్యవసరమైతే 112.

నెలల్లో మే, జూన్, సెప్టెంబర్ హాయిగా ఉంటాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి టెన్షన్ లేదు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పైన చెప్పినట్టు సోమ్యూర్ వైపు తొక్కుతున్నప్పుడు అది ఎదురైతే, ఆ రోజు దూరం తగ్గించుకోండి తప్ప పంతానికి పోవద్దు.

చివరగా, "ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళని వదిలేసి ఎలా వెళ్తాం?" అని అడిగేవాళ్ళకి. వదలక్కర్లేదు. బ్లువా, ఆంబువాజ్, తూర్, సోమ్యూర్ అన్నిట్లోనూ రైల్వే స్టేషన్లున్నాయి. సామానంతా వాళ్ళతో రైల్లో పంపి మీరు సైకిల్ మీద వెళ్ళండి. వాళ్ళకి ఫ్రెంచ్ రాదు కాబట్టి మీలో ఒకరు రోజుకొకరు చొప్పున తోడు వెళ్ళండి, రైలు మారాల్సిన చోట ఇబ్బంది ఉండదు. సాయంత్రం ఆ ఊళ్ళో అందరూ కలుసుకుని, కోట మర్నాడు పొద్దున్నే కలిసి చూసి, అప్పుడు బయల్దేరొచ్చు.