జింక్ ఆక్సైడ్ నచ్చింది... ఏ పీజీ మేలు?

ప్రశ్న: కర్నూలులో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా గాజు పలక మీద జింక్ ఆక్సైడ్ నానోరాడ్స్ (కంటికి కనిపించనంత సన్నని కడ్డీలు) పెంచాం. ఆ పని బాగా నచ్చింది. ఎమ్మెస్సీ నానోటెక్నాలజీ చేద్దామనుకుంటే, ఉద్యోగాలు రావేమోనని నాన్నగారు టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీనే సూచిస్తాను. లెక్చరర్ పోస్టులకైనా, ఫార్మా కంపెనీల్లోనైనా ఎక్కువగా అడిగేది ఆ డిగ్రీనే. అది చేసినవాళ్లు తర్వాత పీహెచ్‌డీలో నానో పదార్థాల మీద పనిచేయడానికి అడ్డేమీ లేదు.

ఇక మీకు నచ్చిన ప్రయోగం సంగతి. సాధారణంగా సీడ్ లేయర్ (రాడ్స్ మొలకెత్తడానికి ముందుగా పూసే పలుచని పొర) వేసిన గాజును జింక్ నైట్రేట్, హెక్సామిన్ కలిపిన నీటిలో ఉంచి, 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తారు. ఈ ద్రావణంలో రాడ్స్‌ను బారులుగా పెంచవచ్చని లయోనెల్ వేసియేర్ అనే శాస్త్రవేత్త 2003లో చూపించాక ఎన్నో ల్యాబులు ఈ దారి పట్టాయి. చేయడం తేలికే. అలా ఎందుకు పెరుగుతాయో చెప్పగలగడంలోనే మీ ప్రతిభ తెలుస్తుంది. హెక్సామిన్ వేడికి నెమ్మదిగా విడిపోయి అమ్మోనియా ఇస్తుంది, పీహెచ్ (ద్రావణంలో ఆమ్ల, క్షార స్థాయి) మెల్లగా మారుతుంది. అందుకే రాడ్స్ పలక మీద నిదానంగా పెరుగుతాయి. అదే కాస్టిక్ సోడా ఒక్కసారిగా పోస్తే అడుగున తెల్లటి పొడి దిగుతుంది, పలక మీద పెద్దగా ఏమీ పెరగదు. పలకను బోర్లా ఎందుకు ఉంచుతారు? ద్రావణంలో పుట్టిన పొడి దాని మీద పేరుకోకుండా. రాడ్ లావెక్కకుండా పొడవుగానే ఎందుకు సాగుతుంది? ఇలాంటి ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు చెప్పే విద్యార్థిని పీహెచ్‌డీ ఇంటర్వ్యూ బోర్డు వదులుకోదు. అన్నట్టు, హెక్సామిన్ నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు కూడా వస్తుంది. ఫ్యూమ్ హుడ్ (వాయువులను బయటికి లాగేసే ల్యాబ్ అర) లేకుండా ఈ పని చేయకండి.

నాన్నగారికి ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పండి. నానోరాడ్స్ పెంచే ఉద్యోగాలు తక్కువే. టైర్లలో వాడే జింక్ ఆక్సైడ్‌లో ఎక్కువ భాగం జింక్ ఆవిరిని గాలిలో మండించి తయారుచేసేదే. కానీ ద్రావణంలో స్ఫటికం ఎప్పుడు పుడుతుంది, ఎంత వేగంగా పెరుగుతుంది అన్న విద్యకు గిరాకీ ఉంది. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో మందు పదార్థాన్ని స్ఫటికాలుగా దించడం రోజువారీ పని. లిథియం బ్యాటరీల క్యాథోడ్‌కు (ధన ధ్రువానికి) కావాల్సిన నికెల్, మాంగనీస్, కోబాల్ట్ హైడ్రాక్సైడ్‌ను కూడా నీటిలోనే, పీహెచ్‌ను పట్టి ఉంచి అవక్షేపంగా దించుతారు. మీరు బీకరులో నేర్చుకున్నదే అక్కడ పెద్ద రియాక్టర్లలో జరుగుతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలు, వరంగల్ ఎన్ఐటీకి జామ్, రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షలు రాయండి. పీజీలో చేరాక సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు సిద్ధమవండి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం అందుతాయి. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పదార్థాల పరిశోధనకే ఏర్పడిన సంస్థ. పీజీ ప్రాజెక్టుకు అక్కడ ప్రయత్నించండి.

ఈలోగా మీ ప్రయోగాన్నే మళ్లీ చేయండి. మిగతావన్నీ అలాగే ఉంచి జింక్ నైట్రేట్ గాఢత ఒక్కటే మార్చండి. ప్రతిసారీ పీహెచ్, ఉష్ణోగ్రత, సమయం నోట్‌బుక్‌లో రాసుకోండి. రాడ్స్ సరిగా రాని రోజు వివరాలూ అందులో ఉండాలి.