పాడ్‌స్టో వెళ్తున్నారా? టైడ్ టైమ్ చూసుకుని బయల్దేరండి

ప్రశ్న: మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆగస్టులో మా దగ్గరికి వస్తున్నారు. ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో ఉన్న పాడ్‌స్టో తిండికి ఫేమస్ అని విని అక్కడికి తీసుకెళ్దాం అనుకుంటున్నాం. మామయ్యగారికి చేపలంటే ప్రాణం, అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. అక్కడ షెఫ్ రిక్ స్టీన్ రెస్టారెంట్లో టేబుల్ బుక్ చేసేస్తే సరిపోతుందా? – రీడింగ్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బుక్ చేయండి కానీ డిన్నర్‌కి కాదండీ, లంచ్‌కి చేయండి. రిక్ స్టీన్, జిల్ స్టీన్ కలిసి ఆ సీఫుడ్ రెస్టారెంట్ పెట్టింది 1975లో, తర్వాత టీవీ ప్రోగ్రాములతో ఆయన పేరు, ఊరి పేరు కలిసి ఎంత పెరిగాయంటే ఇప్పుడు జనం సరదాగా పాడ్‌స్టీన్ అంటుంటారు. అక్కడ కూర్చుని తింటే బిల్లు గట్టిగానే అవుతుంది, మెనూ, రేట్లు వాళ్ల సైట్‌లో ఉంటాయి, ముందే చూసుకోండి. అత్తయ్యగారి సంగతి మాత్రం బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో చెప్పండి, వెజిటేరియన్ అంటే సరిపోదు, గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే అనుకుంటారు.

నాకు ఎక్కువ భయం పెద్ద రెస్టారెంట్ గురించి కాదు, చిప్స్ గురించి. బంగాళాదుంపలే కదా అని పెద్దవాళ్లకి ఒక ప్యాకెట్ కొనిచ్చేస్తాం, కానీ ఇంగ్లండ్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ షాపుల్లో వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే ఎద్దు కొవ్వులో. కౌంటర్ దగ్గర "ఏ నూనె వాడతారు" అని ఒక్క మాట అడగండి, మొహమాటపడొద్దు, వాళ్లకి ఈ ప్రశ్న కొత్తేం కాదు. వెజిటబుల్ ఆయిల్ అన్నా సరే, చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేస్తారా అని కూడా అడిగి తెలుసుకోండి. పేస్టీ, అంటే లోపల కూర పెట్టి బేక్ చేసే పెద్ద కజ్జికాయ లాంటిది, అదీ అంతే. అసలైన కార్నిష్ పేస్టీలో బీఫ్, బంగాళాదుంప, స్వీడ్ అనే దుంప, ఉల్లిపాయ పచ్చివే పెట్టి పక్కన మడత అల్లి బేక్ చేస్తారు, 2011 నుంచి ఆ పేరుకి చట్టపరమైన రక్షణ ఉంది, కార్న్‌వాల్‌లో చేసినదానికే ఆ పేరు పెట్టాలి. చీజ్ ఆనియన్ పేస్టీ దొరుకుతుంది కానీ కొన్నిచోట్ల పిండిలో పంది కొవ్వు కలుపుతారు, పైన గుడ్డు పూస్తారు, కాబట్టి అదీ అడగాల్సిందే.

అత్తయ్యగారికి నిజంగా నచ్చేది క్లాటెడ్ క్రీమ్ అని నా నమ్మకం. పాలని సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచి చల్లారిస్తే పైన పసుపుపచ్చగా ఒక పొర కడుతుంది, అచ్చం మన మీగడలాగే, కానీ చెంచా నిలబడేంత చిక్కగా ఉంటుంది, అందులో కొవ్వు 55 శాతం పైనే. దాన్ని స్కోన్ అనే చిన్న బన్నులాంటిదాని మీద వేసుకుని తింటారు, కార్న్‌వాల్‌లో ముందు జామ్, పైన క్రీమ్, పక్కనే ఉన్న డెవాన్‌లో తిరగేసి. స్కోన్‌లో గుడ్డు ఉంటే కప్పులో స్ట్రాబెర్రీలు వేసి దాని మీద క్రీమ్ వేయించండి, ఆగస్టులో ఇంకా దొరుకుతాయి.

మామయ్యగారి కోసం ఇంకొకటి. పాడ్‌స్టో కేమెల్ నది సముద్రంలో కలిసేచోట ఉంది, పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఆరు మీటర్లకి పైగా పెరిగి తగ్గుతుంది, అందుకే లోపలి హార్బర్‌కి గేటు పెట్టి నీళ్లు ఆపుతారు. పోటు నిండే టైమ్‌కి సుమారు రెండు గంటల ముందు తెరిచి రెండు గంటల తర్వాత మూస్తారు, పడవలు లోపలికి రావాలన్నా పోవాలన్నా ఆ మధ్యలోనే. టైడ్ టైమ్స్, అంటే ఆటుపోట్ల వేళలు, నెట్‌లో ఉంటాయి, ఆ టైమ్‌కి గట్టు మీద ఉంటే పీతల, లాబ్‌స్టర్ల బుట్టలు దించడం చూడొచ్చు. చేపలంటే ప్రాణం అన్నారు కదా, ఆయనకి టేబుల్ మీది ప్లేటు కంటే ఇదే బాగా గుర్తుంటుంది. అవతలి ఒడ్డు రాక్ వైపు పోర్త్‌హిల్లీలో మసల్స్, ఆయిస్టర్లు అనే గుల్లలు పెంచుతారు, మెనూలో ఆ పేరు కనిపిస్తే వదలకండి.

ఆగస్టు తప్పదా అని ఒకసారి ఆలోచించండి. స్కూల్ సెలవులు, సందులు ఇరుకు, పార్కింగ్ నిండిపోతుంది. సెప్టెంబర్ రెండో వారానికి జరపగలిగితే నీళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి.

ప్రశ్న: కారు లేదు, లండన్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చా? – ఒక విద్యార్థి

జవాబు: వద్దు. పాడింగ్టన్ నుంచి బాడ్మిన్ పార్క్‌వేకి రైల్లోనే నాలుగు గంటలు కావొస్తుంది, అక్కడి నుంచి మళ్లీ బస్సు. పాడ్‌స్టో రైలు 1967లోనే ఆగిపోయింది. ఒక రాత్రి ఉండండి, పక్కనే వేడ్‌బ్రిడ్జ్‌లో రూమ్ కాస్త తక్కువకి దొరకొచ్చు. ఆ పాత రైలు దారినే కేమెల్ ట్రైల్ చేశారు, వేడ్‌బ్రిడ్జ్‌లో సైకిల్ అద్దెకి తీసుకుంటే నది పక్కనే అయిదున్నర మైళ్లు, ఎత్తుపల్లాలు లేని దారి, నేరుగా హార్బర్ దగ్గర తేలతారు, ఆకలి కూడా బాగా వేస్తుంది! మే 1న మాత్రం తిండి కోసం వెళ్లకండి, ఆ రోజు గుర్రం వేషాలతో ఊరేగే అబీ ఆస్ పండగ, వీధుల్లో కాలు పెట్టే సందు ఉండదు, పండగ చూడాలనుకుంటే మాత్రం అదే రోజు వెళ్లాలి.

ప్రశ్న: ఏడేళ్ల పాప ఉంది, రెస్టారెంట్లో అరగంట కూడా కూర్చోదు. ఏం చేయించాలి? – స్విండన్ నుంచి ఒక నాన్న

జవాబు: సౌత్ కీలో నేషనల్ లాబ్‌స్టర్ హ్యాచరీ ఉంది, ముందు అక్కడికి తీసుకెళ్లండి. ఒక ఆడ లాబ్‌స్టర్ 20,000 దాకా గుడ్లు మోస్తుంది, కానీ సముద్రంలో పుట్టిన పిల్లలు పైపైన తేలుతూ చాలావరకు చేపల నోట్లోకే పోతాయి. అందుకే ఇక్కడ పెంచి కాస్త గట్టిపడ్డాక వదులుతారు. ఒకదాన్నొకటి తినేస్తాయని చిన్నవాటిని ఒక్కోదాన్ని ఒక్కో గదిలో పెడతారు, పాపని ఆ గదులు చూడనివ్వండి. బతికున్న లాబ్‌స్టర్ ముదురు నీలం, ఎర్రగా అయ్యేది ఉడికాకే, ఇది చాలామంది పెద్దవాళ్లకీ తెలియదు.

తర్వాత గట్టు మీద పీతలు పట్టించండి. కొక్కెం లేని, వలసంచి కట్టిన దారం కొనండి, బకెట్‌లో సముద్రపు నీళ్లే పోసి నీడలో ఉంచండి, ఒకేసారి నాలుగైదు మించి వేయకండి, కాసేపు చూసి నెమ్మదిగా నీళ్లలోకి వదిలేయండి. గట్టుకి రెయిలింగ్ లేని చోట్లు ఉంటాయి, పాప చెయ్యి వదలొద్దు. చేతిలో ఐస్‌క్రీమో చిప్సో ఉంటే గోడకి వీపు ఆనించి తినమనండి, సీగల్స్ ఎక్కువగా వెనక నుంచే వస్తాయి.