మీ అన్నయ్య ఇంటికొచ్చాక

చిరంజీవి రవికి,

అన్నయ్య డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చాడని, తాగడం లేదు గానీ గది దాటి రావడం లేదని రాశావు. వదిన ఇంకా పుట్టింట్లోనే ఉందన్నావు. తాగినన్నాళ్లూ మీకు టెన్షనే. నన్నడిగితే ఇప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తాగేవాడికి సాయంత్రమయ్యేసరికి వైన్ షాపు దగ్గర నలుగురుంటారు. మంచో చెడో, "ఏరా, ఇంకా రాలేదేం?" అని ఫోన్ చేసేది వాళ్లే. మానేస్తే వాళ్లూ పోతారు. చుట్టాలెప్పుడో దూరమయ్యారు, శుభలేఖలు మీ నాన్న పేరునే వస్తాయి. పైగా మత్తు దిగాక అప్పులూ, అన్న మాటలూ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. భార్య వెళ్లిపోయాక, ఆసుపత్రి నుంచి వచ్చాక తొలి వారాల్లో ఇలాంటివాళ్లకి చావు ఆలోచనలు వచ్చే ప్రమాదం ఎక్కువ. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుల్లో ఈ మాట చాలామంది నోట విన్నాను.

అందుకని సాయంత్రాలు వాణ్ణి ఒంటరిగా వదలకు. కాపలా కాయమని కాదు. జేబులు వెతికి, నోరు వాసన చూస్తే ఇంకా ముడుచుకుపోతాడు. కిరాణా కొట్టుకి తోడు రమ్మను, మీ పాప లెక్కలు చూడమను. వాడితో నీకు పని ఉన్నట్టుండాలి.

"చచ్చిపోవాలనిపిస్తోందా అన్నయ్యా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మీ అమ్మ భయపడుతుంది గానీ, అలా జరగదు. అవునంటే ఉపన్యాసం ఇవ్వకు, పక్కనే కూర్చుని విను. వాణ్ణి వదిలి వెళ్లకుండానే 14416కి ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, టెలిమానస్ అంటారు, 2022లో పెట్టారు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రోజే డాక్టరుకి చూపించు. పొలానికి తెచ్చిన పురుగుమందు మాత్రం ఇవాళే ఇంట్లోంచి తీసేయించు.

మళ్లీ తాగాడనుకో, ఆ రాత్రి గెంటేయకండి. తిట్లు తెల్లారాక తిట్టుకోవచ్చు. ఇంట్లో బంధించి మాన్పించే తెలివి మాత్రం వద్దు. బాగా తాగుతున్నవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు.

వదినని బతిమాలకు, ఆమెనీ కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. అన్నయ్యని వాళ్ల బాబుతో ఫోన్లో మాట్లాడిస్తే ప్రస్తుతానికి చాలు.

1935లో అమెరికాలో ఒక స్టాక్ బ్రోకరూ ఒక సర్జనూ, ఇద్దరూ తాగుడుకి బానిసలైనవాళ్లే, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ మందుకి దూరంగా ఉండగలిగారు. ఏఏ అలా పుట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఆదివారం నేనే వచ్చి వాణ్ణి తీసుకెళ్తాను. ఓపెన్ మీటింగే, ఇంట్లోవాళ్లూ రావచ్చు, నువ్వూ రా.

మీ పెదనాన్న