లాన్‌లో నాచు మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా లాన్‌లో చెట్టు నీడ పడే వైపంతా నాచు పట్టింది. రెండుసార్లు గీకి తీసేసినా కొన్ని నెలలకే మళ్లీ పరచుకుంది. ఇది గడ్డిని చంపేస్తోందా? సున్నం చల్లితే పోతుందని కొందరు అంటున్నారు, నిజమేనా?

జవాబు: నాచు గడ్డిని చంపదు, గడ్డి పలచబడి ఖాళీ అయిన చోటికి వచ్చి చేరుతుంది. ఒక ముద్దను వేళ్లతో పట్టుకుని లాగి చూడండి, తడిసిన గోనెపట్టాలా చులాగ్గా లేచి వస్తుంది. దానికి నిజమైన వేర్లు లేవు, నేలను అంటిపెట్టుకునే సన్నని పోగులే ఉంటాయి. తేమను ఆకులతోనే పీల్చుకుంటుంది కనుక గడ్డి బతకలేని గట్టి నేల మీద కూడా అది హాయిగా పెరుగుతుంది. (నీటి తొట్టిలో జారుడుగా పట్టేదాన్నీ మనం నాచే అంటాం గానీ, అది వేరే రకం.)

నాచు లేచిన చోట ఒక స్క్రూడ్రైవర్ గుచ్చండి. సులువుగా దిగకపోతే మట్టి అణగిపోయి, నీరు ఇంకక, గడ్డి వేర్లకు గాలి అందడం లేదని అర్థం. అప్పుడు గార్డెన్ ఫోర్క్‌తో 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో, 10 సెంటీమీటర్ల లోతున రంధ్రాలు చేసి, ఇసుక, బాగా చివికిన కంపోస్టు కలిపి వాటిలోకి ఊడ్చాలి. నా ఉద్దేశంలో మందుల కన్నా ఎక్కువ మేలు చేసేది ఈ పనే. గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించడం, రోజూ పైపైన నీళ్లు చిలకరించడం కూడా మానుకోండి.

ఉన్న నాచు పోవడానికి అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నీటిలో కలిపి చల్లవచ్చు. కొద్ది రోజుల్లో నాచు నల్లబడుతుంది, అప్పుడు రేక్‌తో గీకి తీసేయాలి. పచ్చిగా ఉన్నప్పుడే గీకితే తెగిపడిన తునకల నుంచి కొత్త నాచు పుడుతుంది. మీ లాన్‌లో రెండుసార్లూ బహుశా జరిగింది ఇదే. సిమెంటు బాట మీద అన్నభేది నీళ్లు పడితే తుప్పు మరకలు ఒక పట్టాన వదలవు, జాగ్రత్త.

సున్నం విషయానికి వస్తే, అది నాచును చంపే మందు కాదు. మట్టి పరీక్షలో ఆమ్లత్వం ఎక్కువని తేలితేనే వేయాలి. అవసరం లేని నేలలో వేస్తే ఇనుము అందక గడ్డే పసుపు పచ్చగా మారుతుంది.

నాచు తీసిన ఖాళీల్లో నీడను తట్టుకునే రకం గడ్డి వేయండి, వెలుతురు కోసం చెట్టు కింది కొమ్మలు కొన్ని తీయించండి. అయినా ఎండ తగలని మూల మిగిలితే అక్కడ నాచునే ఉండనివ్వండి, దానికి కోత పని కూడా ఉండదు.